డెల్టా ఇంటెగ్రాలే కొనాలా? ముందు తుప్పు చూడండి, తర్వాత ధర

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత కార్ల మీద వచ్చిన వ్యాసం ఇక్కడ ఇటలీలో, టూరిన్‌లో ఉండే మా తెలుగు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెగ తిరిగిందండి. ఎనభైల్లో తొంభైల్లో వచ్చిన ర్యాలీ కార్లు ఇప్పుడు కొని షెడ్డులో పెట్టేసుకుంటే చాలు, పదేళ్ళలో సైటు మీద కన్నా ఎక్కువ మిగులుతుందని రాశారు, పక్కన ఇటలీ కంపెనీ లాన్చియా చేసిన ఎర్ర డెల్టా ఇంటెగ్రాలే ఫోటో వేశారు, కింద గ్రూప్ బి రాక్షసి అని పెట్టారు (గ్రూప్ బి అంటే ఎనభైల్లో ర్యాలీల్లో తిరిగిన అతి బలమైన కార్ల తరగతి). ఆ కారు నా దగ్గర ఒకటుంది, 1990 మోడల్, పదహారు వాల్వులది. ఇంకేముంది, ఇక్కడి పాలిటెక్నికో అనే ఇంజనీరింగ్ యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు వరసగా ఫోన్లు, అన్నా ఇప్పుడు అమ్మితే ఎంతొస్తది, మేం నలుగురం కలిసి ఒకటి వేసుకుందామా అని. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేకన్నా మీకే రాస్తే నయం అనిపించింది. కొంచెం పెద్దదవుతుంది, కోసెయ్యాలంటే మీ ఇష్టం, కానీ తుప్పు గురించి రాసింది మాత్రం కొయ్యొద్దు ప్లీజ్.

ముందు ఆ ఫోటో కింద మాట సరిచెయ్యాలి. ఇంటెగ్రాలే గ్రూప్ బి కారు కాదండి. గ్రూప్ బిలో తిరిగింది డెల్టా ఎస్4, పేరులోనే డెల్టా, ఇంజన్ డ్రైవర్ వెనకాల, కింద పైపులతో కట్టిన ఫ్రేము, టర్బోతో పాటు సూపర్‌ఛార్జర్ కూడా (రెండూ ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసేవే), అలాంటిది రెండొందలు చేసి చూపిస్తే చాలు ర్యాలీకి ఒప్పుకునేవాళ్ళు. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనంలోకి దూసుకుపోయి చూడ్డానికొచ్చిన వాళ్ళు పోయారు, మే 2న కోర్సికాలో ఎస్4 నడుపుతున్న హెన్రీ టోయివోనెన్, పక్కన కూర్చున్న సెర్జియో క్రెస్టో లోయలో పడి కారుతో పాటు కాలిపోయారు. ఆ దెబ్బతో గ్రూప్ బి అయిపోయింది, 1987 నుంచి గ్రూప్ ఎ కార్లే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి అన్నారు. గ్రూప్ ఎ అంటే ఏడాదిలో ఐదు వేల కార్లు చేసి తీరాలి, అంటే మామూలు జనానికి షోరూములో అమ్ముడుపోయే కారే ర్యాలీకి రావాలి.

ఈ రూలు దగ్గరే ఉందండి మొత్తం కథ. ఇంటెగ్రాలేలో ఉన్న మజా అంతా, దానితో పడే ఏడుపంతా ఈ ఒక్క రూలు లోంచే వచ్చాయి, మీ వ్యాసంలో ఇది ఒక్క ముక్క కూడా లేదు.

ఎందుకంటే డెల్టా అసలు ర్యాలీ కోసం పుట్టిన బండి కాదు. 1979లో వచ్చింది, గీసింది జోర్జెట్టో జుజారో, 1980లో యూరప్‌లో కార్ ఆఫ్ ది ఇయర్ కూడా అయింది. ఐదు తలుపులు, 1300 సీసీ, 1500 సీసీ ఇంజన్లు, 75, 85 హార్స్‌పవర్, బరువు టన్నుకి లోపే. పిల్లల్ని స్కూల్లో దింపి, సరుకులు వేసుకుని ఇంటికొచ్చే కారు. 1986లో రూలు మారేసరికి మిగతా కంపెనీలు తల పట్టుకుంటే లాన్చియా వాళ్ళ చేతిలో మాత్రం డెల్టా హెచ్ఎఫ్ 4డబ్ల్యూడి దాదాపు రెడీగా ఉంది, అదే డబ్బా బాడీలో రెండు లీటర్ల టర్బో ఇంజన్, 165 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ లాగుడు. 1987 జనవరిలో మోంటే కార్లో ర్యాలీకి పంపారు, మికీ బియాసియోన్ గెలిచాడు. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు, 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్ళు తయారీదారుల టైటిల్ లాన్చియాదే, డెల్టా మొత్తం 46 ప్రపంచ ర్యాలీలు కొట్టింది. కెన్యా బురదలో సఫారీ, మోంటే కార్లో మంచు, ఫిన్లాండ్ గులకరాళ్ళు, అన్నీ ఇదే డబ్బా. యుహా కంకునెన్ రెండుసార్లు, బియాసియోన్ రెండుసార్లు ఛాంపియన్లు అయింది ఇందులోనే. 1992లో డిడియే ఓరియోల్ ఒక్క సీజన్‌లో ఆరు ర్యాలీలు గెలిచి కూడా ఛాంపియన్ కాలేకపోయాడు, టొయోటాలో కార్లోస్ సైన్జ్ ఎగరేసుకుపోయాడు, ఆ సంగతి ఇక్కడి పెద్దవాళ్ళ దగ్గర ఎత్తకండి, కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడతారు.

మరి ర్యాలీలో ప్రతి ఏడాదీ ఇంకొంచెం బలం కావాలి, రూలు ప్రకారం ఆ మార్పు రోడ్డు మీద కారులో కూడా ఉండాలి. అందుకని షోరూము కారు ఉబ్బుతూ పోయింది. ఇంటెగ్రాలే అని పేరు పెట్టినది 185 హార్స్‌పవర్, ఎనిమిది వాల్వులు, చక్రాల మీద బాడీ ఉబ్బించారు. 1989లో పదహారు వాల్వులు, 200 హార్స్‌పవర్, ఇంజన్ హెడ్డు ఎత్తు పెరిగింది కాబట్టి బానెట్ మధ్యలో మూపురం వచ్చింది. 1991లో ఇవల్యూషన్ అని ఇంకా వెడల్పు చేశారు, డిక్కీ పైన చిన్న రెక్క పెట్టారు, ఇక్కడ వాళ్ళు దాన్ని ముద్దుగా డెల్టోనా అంటారు. 1993లో దానికే ఇంకో రకం, 215 హార్స్‌పవర్, పొగలో విషం తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌తో. అప్పటికి కంపెనీ సొంతంగా ర్యాలీలు మానేసింది కూడా. బరువు 1300 కిలోల దాకా వెళ్ళింది. బాడీ మాత్రం లోపల అదే 1979 నాటిది. రేకుల షెడ్డు కోసం తీసిన పునాది మీద మూడంతస్తులు లేపితే గోడలు ఎక్కడ పగుల్తాయో మేస్త్రీకి ముందే తెలిసినట్టు, ఇంటెగ్రాలే ఎక్కడ పగుల్తుందో ఇక్కడి మెకానిక్కులు కళ్ళు మూసుకుని చెప్తారు.

ఇదంతా విని ఎందుకండీ మరి కొన్నారు అంటారేమో. చెప్తాను.

టూరిన్ నుంచి పినెరోలో దాటి కిసోనె లోయ వెంబడి సెస్ట్రియేర్ ఎక్కే రోడ్డుంది, మన లంబసింగి వైపు ఘాట్ రోడ్డు తెలిసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఒక పక్క కొండ ఒక పక్క ఏమీ లేదు. కారు చల్లగా ఉన్నంతసేపు తొక్కకూడదు, ఆయిల్ టెంపరేచర్ ముల్లు పైకి లేచేదాకా ఓపిక పట్టాలి, డాష్‌బోర్డు మీద గుండ్రటి మీటర్లు పసుపు అంకెలతో వరసగా ఉంటాయి, వాటిని చూడ్డం ఒక అలవాటైపోతుంది. ఊరు దాటాక రెండో గేరులో మలుపు తిరిగి యాక్సిలరేటర్ ఇస్తే మొదట ఏమీ జరగదు, నిజంగా ఏమీ జరగదు, తర్వాత మూడు వేల ఆర్పీఎం దగ్గర టర్బో అందుకుంటుంది, ఆ అందుకోవడం వీపుకి తెలుస్తుంది. ఇక్కడ మామూలు ముందు చక్రాల కారయితే టైరు గీరుకుని బయటికి పోతుంది, ఇది పోదు. నా మోడల్‌లో లాగుడు నూటికి 47 వంతులు ముందుకి, 53 వంతులు వెనక్కి, మధ్యలో విస్కస్ కప్లింగ్, వెనక టోర్సెన్ డిఫరెన్షియల్, ఏ చక్రం జారుతుంటే దాన్నుంచి తీసి పట్టున్న దానికి ఇస్తుంది, అదీ కంప్యూటర్ లేకుండా, ఉత్త గేర్లతో, చిక్కటి నూనెతో. వాన పడుతున్న రోజైతే ఇంకా బావుంటుంది. స్టీరింగ్‌లో రోడ్డు మీద గులక ఉందా తడి ఉందా చేతికి తెలిసిపోతుంది, ఈ కాలం కార్లు అన్నీ చేస్తాయి గానీ ఈ పని మాత్రం చెయ్యవు.

పైగా ఐదు తలుపులు. వెనక సీట్లో మా అమ్మాయి కూర్చుంటుంది, డిక్కీలో రెండు సూట్‌కేసులు పడతాయి (రెండోది కొంచెం తొయ్యాలి). ప్రపంచ ఛాంపియన్ కారులో పాలప్యాకెట్లు తెచ్చుకోవచ్చు, ఐదు వేలు చేసి తీరాలన్న రూలు పుణ్యమే అది. ఇంటెగ్రాలేలు, అంతకుముందు 4డబ్ల్యూడి, అన్నీ కలిపి నలభై వేలకి పైగా అమ్ముడుపోయాయి, అంటే ఇదేదో మ్యూజియం కోసం పది పన్నెండు చేసిన వస్తువు కాదు, అప్పట్లో డాక్టర్లు, లాయర్లు, కొంచెం డబ్బున్న కుర్రాళ్ళు మంచులో స్కీయింగ్‌కి వెళ్ళడానికి వాడుకున్న బండి.

ఆ మంచు మాటే తుప్పు మాట. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు నీళ్ళు కింద రేకుల్లోకి పోతాయి, ముప్పై ఏళ్ళు పోతూనే ఉన్నాయి. నా కారు కొన్నప్పుడు పైకి చూస్తే అద్దంలా మెరుస్తోంది, ముందు అద్దం మూల రబ్బరు దగ్గర గోరంత పెయింటు బుడగ ఒకటుంది. మా మెకానిక్ పెద్దాయన, డెబ్బై దాటాయి ఆయనకి, దాన్ని బొటనవేలితో నొక్కాడు, లోపలికి పోయింది. అద్దం తీయాలి అన్నాడు. అద్దం తీసి రబ్బరు లాగితే కింద రేకు లేదు, ఎర్రటి పొడి ఉంది, దాని మీద ఎవరో అంతకుముందు పుట్టీ రాసి పెయింటు కొట్టారు. ఆయన స్క్రూడ్రైవర్ మొనతో గీకుతూ పోతే తలుపు పైన స్తంభం మొదలు దాకా వెళ్ళింది. అక్కడే సన్నటి పగులు కూడా కనపడింది, అది తుప్పు వల్ల కాదు, మెలితిరుగుడు వల్ల, ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ పోయేటప్పుడు బాడీ మెలి తిరుగుతుంది, ఆ మెలి ఎక్కడో ఒక చోట బయటపడాలి కదా. టింకరింగ్ అయ్యేసరికి చలికాలం అయిపోయింది. బిల్లు ఎంతో రాయను, మా ఆవిడ ఈ పేపరు చదువుతుంది.

కాబట్టి ఎవరన్నా చూడ్డానికి వెళ్తే పైన పెయింటు చూసి మురిసిపోకండి. ముందు అద్దం కింది మూలలు, రూఫు వెనక అంచు డిక్కీ తలుపు కలిసే చోట, ముందు షాకబ్జార్లు బిగించే టవర్లు, వెనక సస్పెన్షన్ పట్టుకున్న చోట్లు, తర్వాత కింద నేల. లిఫ్ట్ మీదకి ఎత్తనివ్వను అనే వాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు.

ఇంజన్ నిజానికి మొండిది. ఆరేలియో లాంప్రెడి అనే ఆయన అరవైల్లో ఫియట్ 124 స్పోర్ట్ కోసం చేసిన ట్విన్ క్యామ్ వంశం అది, మనవాళ్ళకి 124 అంటే తెలియకపోవచ్చు గానీ ప్రీమియర్ 118 ఎన్ఈ అని మన రోడ్ల మీద తిరిగింది గుర్తుందా, దాని బాడీ ఆ 124దే, ఇంజన్ మాత్రం నిస్సాన్ వాళ్ళది పెట్టారు. మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి చివర డాక్టరుగారికి తెల్లది ఉండేది. సరే, ఎక్కడున్నాం, ఇంజన్. ఆయిల్ టైముకి మారిస్తే, వేడెక్కకుండా తొక్కకపోతే, ఆపేముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి టర్బో చల్లారనిస్తే చాలా కాలం నడుస్తుంది. కానీ వాల్వుల్ని టైముకి తెరిపించే టైమింగ్ బెల్టు ఉంది చూశారూ, అది తెగితే వాల్వులు వంగిపోతాయి, హెడ్డు పోతుంది. పోనీ మార్పిద్దామంటే ఇంజన్ అడ్డంగా ఇరికించి పెట్టారు, బెల్టు వైపు చెయ్యి దూరే సందు లేదు, గంటలు గంటలు లేబర్. బళ్ళు ఎక్కువ తిరగవు కదా అని బెల్టు మార్చకుండా వదిలేస్తారు చాలామంది, కిలోమీటర్లే కాదు ఏళ్ళు కూడా లెక్కే, రబ్బరు వయసు రబ్బరుదే.

కరెంటు సంగతి ఇటలీ బళ్ళ మీద జోకులు మీరు వినే ఉంటారు. ఇంటెగ్రాలే విషయంలో అవి జోకులు కావు. కనెక్టర్లలో పచ్చటి తుప్పు, ఒక రోజు విండో దిగదు, ఒక రోజు దిగి ఎక్కదు. ఫ్యుయెల్ ఇంజెక్షన్ కంప్యూటర్ చెడితే బాగుచేసే మనుషులు ఉన్నారు గానీ వాళ్ళు చెప్పిందే రేటు. స్పేర్ పార్టులు ఒక పద్ధతిగా దొరకవు, కొన్ని సులువు, కొన్ని బంగారం ధర, కొన్ని లేనే లేవు. కంపెనీ హెరిటేజ్ విభాగం వాళ్ళు ఈ మధ్య బంపర్లు మళ్ళీ చేసి అమ్ముతున్నారు, దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి, కానీ బంపర్‌తో కారు నడవదు కదా. లోపల ప్లాస్టిక్కులు, సీటు గుడ్డ, లైట్లు, ఇవన్నీ ఇంకో పాత కారు పీకితేనే. అందుకే మంచి మెకానిక్ ఇంటికి దగ్గరలో ఉన్నవాడే ఈ కారు కొనాలి అంటాను నేను. నాకు టూరిన్ కలిసొచ్చింది, చుట్టుపక్కల ఈ బండి మీద చెయ్యి తిరిగిన ముసలాళ్ళు ఇంకా ఉన్నారు, చివరి ఇవల్యూషన్లు బిగించింది కూడా ఇక్కడికి దగ్గర్లో కివాస్సోలోనే. వాళ్ళ తర్వాత ఎవరు చేస్తారో మరి, కుర్రాళ్ళకి ఈ పని మీద ఆసక్తి లేదని పెద్దాయన రోజూ గొణుగుతాడు.

రోజువారీ వాడకం అంటారా, అక్కడ ఆశలు పెట్టుకోకండి. ఎయిర్‌బ్యాగులు లేవు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు, బ్రేకులు ఆ కాలానికి బాగానే ఉండేవి గానీ ఇవాళ ముందున్న కొత్త కారు సడన్‌గా ఆగితే గుండె జారుతుంది. కొండ ఎక్కేటప్పుడు లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు కూడా రావు. దొంగల భయం ఒకటి, ఈ కారు మీద వాళ్ళకి ప్రత్యేకమైన ప్రేమ, పార్టులకి అంత రేటు ఉంటే ఎందుకుండదు. నేను రాత్రి వీధిలో వదలను, షాపింగ్ మాల్ బేస్‌మెంట్‌లో అసలే వదలను. ఇటలీలో ఒక మేలేంటంటే ముప్పై ఏళ్ళు దాటితే మామూలు రోడ్డు టాక్సు ఉండదు, నామమాత్రం కడతాం, ఇన్సూరెన్స్ కూడా చారిత్రక వాహనం కింద తక్కువ. కానీ కాలుష్యం నిబంధనల వల్ల క్యాటలిటిక్ లేని పాత పెట్రోలు కార్లకి టూరిన్‌లో ఆంక్షలున్నాయి, చారిత్రక సర్టిఫికెట్ ఉంటే కొన్ని సడలింపులు, అవి కూడా మారుతుంటాయి. లండన్‌లో ఉండే వాళ్ళ పరిస్థితి ఇంకా చిరాకు, 2023 ఆగస్టు నుంచి నగరం మొత్తం అల్ట్రా లో ఎమిషన్ జోన్, అంటే పొగ ఎక్కువ వదిలే బళ్ళకి రుసుము వేసే ప్రాంతం, ఈ కారు బయటికి తీసిన ప్రతి రోజుకీ పన్నెండున్నర పౌండ్లు, నలభై ఏళ్ళు నిండి హిస్టారిక్ అయ్యేదాకా అంతే.

ఇప్పుడు మీ వ్యాసంలో అసలు పాయింటుకి వస్తాను, కొని షెడ్డులో పెట్టుకోండి అన్నది. రేట్లు పెరిగిన మాట నిజమే, నేను కాదనను, మంచి ఇవల్యూషన్ లక్ష యూరోలు దాటి అడుగుతున్నారు, ర్యాలీ జట్టు స్పాన్సర్ మార్టినీ చారల స్పెషల్ ఎడిషన్లు ఇంకా పైన. కానీ కదలకుండా పెడితే ఈ కారు పాడైపోతుందండి, కదిలితే కన్నా ఎక్కువ పాడవుతుంది. ఆయిల్ సీళ్ళు ఎండి కారతాయి, పెట్రోలు ట్యాంకులో తుప్పు పడుతుంది, బ్రేకు పట్టేస్తుంది, టైర్లు గట్టిపడి రాళ్ళవుతాయి, టర్బో షాఫ్ట్ బిగుసుకుంటుంది. ఎనిమిదేళ్ళు గుడ్డ కప్పి ఉంచిన ఒక ఇవల్యూషన్‌ని మా పెద్దాయన దగ్గరికి ట్రక్కు మీద తెచ్చారు, మీటరు మీద చాలా తక్కువ కిలోమీటర్లు, దాన్ని మళ్ళీ రోడ్డు మీదకి తేవడానికి అయిన ఖర్చుతో ఒక మామూలు కొత్త కారు వచ్చేది. అమ్మిన వాడు మాత్రం తక్కువ తిరిగింది అని ఎక్కువ రేటుకి అమ్మాడు. లాభం లెక్క వేసేటప్పుడు ఇన్సూరెన్స్, షెడ్డు అద్దె, బెల్టులు, టైర్లు, తుప్పు, ఇవన్నీ ఎవరూ కలపరు, సైటుకైతే ప్రహరీ కట్టేసి వదిలేస్తాం, దీనికి అలా కుదరదు.

ఇంకో సంగతి, రేటు పెరిగిన కొద్దీ దొంగ కార్లు వచ్చాయి. మామూలు ఎర్ర ఇవల్యూషన్‌కి తెల్ల పెయింటు కొట్టి, స్టిక్కర్లు వేసి, ఎన్నో కారో వరస నంబరు చెక్కిన చిన్న రేకు ఒకటి లోపల బిగించి స్పెషల్ ఎడిషన్ అని అమ్మేవాళ్ళున్నారు. మార్టినీ 5 అని 400 చేశారు, మార్టినీ 6 అని 310 చేశారు, జపాన్ కోసం ఆఖరి ఎడిషన్ 250, మరి బయట మార్కెట్‌లో తిరిగే కబుర్లు వింటే అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నట్టనిపిస్తుంది. ఛాసిస్ నంబరు, ఆర్సీ కాగితాలు, పాత సర్వీసు బుక్కు, మూడూ ఒక కథే చెప్పాలి, ఏ ఒక్కటి వేరే కథ చెప్పినా వెనక్కి వచ్చెయ్యడమే.

ఇండియాకి తెచ్చుకుందామని రాసిన పాఠకులు కూడా ఉంటారని నాకు తెలుసు, మా బావ గుంటూరు నుంచి అదే అడిగాడు. కుదరదు. మన దేశంలోకి సెకండ్‌హ్యాండ్ కారు మామూలుగా తేవాలంటే మూడేళ్ళకి మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడి వైపు ఉండాలి, ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటెగ్రాలేని ఎడమ స్టీరింగ్‌తో తప్ప చెయ్యనే లేదు. వింటేజ్ అనుకుందామా, 2021 రూల్స్ ప్రకారం యాభై ఏళ్ళు నిండిన బండికే ఆ ప్రత్యేక రిజిస్ట్రేషన్, మొట్టమొదటి ఇంటెగ్రాలేకి కూడా 2037 దాకా ఆగాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి దారి ఉంది, అక్కడ పాతికేళ్ళు దాటితే దిగుమతి చేసుకోవచ్చు, అన్ని ఇంటెగ్రాలేలకీ ఆ వయసు వచ్చేసింది కాబట్టి ఇక్కడి మంచి బళ్ళు చాలా కంటైనర్లెక్కి వెళ్ళిపోతున్నాయి, ఇటలీ వాళ్ళకి దాని మీద గుర్రుగా ఉంది. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న తమ్ముళ్ళూ, కారు చేరుతుంది గానీ మా పెద్దాయన చేరడు, అది గుర్తుపెట్టుకోండి.

మరి కొనొద్దనా నేనంటున్నది? కాదు. నడిపే ఉద్దేశం ఉంటే కొనండి. నెలకి ఒకటి రెండుసార్లయినా కొండ రోడ్డు ఎక్కించగలిగితే, చెడినప్పుడు విసుక్కోకుండా ఉండగలిగితే, కొన్న ధర మీద మూడో వంతు పక్కన పెట్టుకునే స్తోమత ఉంటే, ఇంత రుచి ఇచ్చే బండి ఈ రేటులో ఇంకోటి లేదని నేను ఎవరితోనైనా వాదిస్తాను. మా నాన్నగారు వీడియో కాల్‌లో చూసి, అంత డబ్బు పెట్టి ఈ డబ్బానా అన్నారు, కిందటి వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టి సెస్ట్రియేర్ తీసుకెళ్ళాను, పైకి వెళ్ళేదాకా తలుపు హ్యాండిల్ వదల్లేదు, దిగాక మాత్రం బానెట్ ఎత్తమన్నారు. నలుగురు కలిసి వాటా వేసుకుని కొనడం మాత్రం వద్దు, బెల్టు ఎవరు మార్పించాలన్న దగ్గర స్నేహాలు పోతాయి. ఇవల్యూషన్ కోసమే పట్టుపట్టక్కర్లేదు కూడా, ఎనిమిది వాల్వుల మొదటి ఇంటెగ్రాలే తక్కువలో వస్తుంది, టర్బో కిందినుంచే అందుకుంటుంది, ఊళ్ళో నడపడానికి నాకు దాని సాఫు పికప్పే నచ్చుతుంది, దాని మీద ఎవరూ ఫోటోలు వెయ్యరు కాబట్టి రేటు ఇంకా నేల మీదే ఉంది.

చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, వెలుతురుండగా. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచాడని, చల్లటి ఇంజన్ ఎలా లేస్తుందో, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుందో లేదో మీకు చూపించడం ఇష్టం లేదని. జేబులో చిన్న అయస్కాంతం ఒకటి పెట్టుకెళ్ళి అద్దం మూలల్లో, చక్రాల పైన ఉబ్బుల మీద ఆనించి చూడండి, అంటుకోకపోతే లోపల రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. రెండో గేరు చల్లగా ఉన్నప్పుడు గరగరమంటే గేర్‌బాక్స్ దించాలి. ఇంకెవరో సాయంత్రం అడ్వాన్స్ ఇస్తానన్నారు, ఇప్పుడే తేల్చండి అని అమ్మేవాడు తొందరపెడితే, ఆయన పోసిన కాఫీ తాగేసి, బావుంది సార్ అని చెప్పి వచ్చెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు, టూరిన్, ఇటలీ (సొంతూరు తెనాలి)